రేకుకు బెజ్జం వేసేటప్పుడు చేత్తో పట్టుకోవద్దు

డ్రిల్ ప్రెస్ (స్తంభానికి బిగించి ఉండే డ్రిల్ మిషన్) మీద రేకుకు బెజ్జం వేస్తుంటే అసలు ప్రమాదం బిట్, అంటే తొలిచే ములుకు, అవతలికి తేలే క్షణంలో ఉంటుంది. అడుగున మిగిలిన పలుచటి పొరను బిట్ అంచు ఒక్కసారిగా కొరికి, రేకును స్క్రూలా పైకి లాగేస్తుంది. చేత్తో పట్టుకున్న రేకు ఫ్యాన్ రెక్కలా గిర్రున తిరుగుతుంది.

కింద చెక్క ముక్క పెట్టి, రెండు సీ క్లాంపులతో టేబుల్‌కు బిగించండి. ఒక్కటే పెడితే రేకు దాని చుట్టూ తిరుగుతుంది. పొడవాటి పట్టీ అయితే పొడవు భాగం ఎడమకు ఉంచి, మిషన్ స్తంభానికి ఎడమ పక్కన ఆనించండి. పైనుంచి చూస్తే బిట్ గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది కదా, క్లాంపు జారినా పట్టీ వెళ్లి స్తంభానికే ఆగుతుంది, మీ పొట్టకు తగలదు.

పెద్ద బెజ్జాలకు మెట్లు మెట్లుగా లావయ్యే స్టెప్ బిట్ మేలు, ఇంతగా కొరకదు. మామూలు 10 మి.మీ. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్‌కు మైల్డ్ స్టీల్‌లో నిమిషానికి 800 చుట్లు చాలు. తేలబోతోందనగా ఒత్తిడి తగ్గించండి.

గ్లవ్స్ మాత్రం వద్దే వద్దు. వేలు కోసుకుంటుందని వేసుకుంటారు గానీ, ఒక్క పోగు బిట్‌కు చుట్టుకుంటే చెయ్యే లోపలికి పోతుంది. పదును అంచులను ముందే ఆకురాయితో రాసేయండి. కళ్లద్దాలు తప్పనిసరి. రజనును మిషన్ ఆగాక బ్రష్‌తో తీయండి.

ఇంత చేసినా రేకు తిరిగిందా, పట్టుకోబోకండి. వెనక్కి జరిగి స్విచ్ ఆపండి.