దారంతో లఘులోలకం: కొలత, గ్రాఫు

ఏడో తరగతిలో లఘులోలకం (దారానికి వేలాడుతూ అటూ ఇటూ ఊగే బరువు) ప్రయోగానికి సన్నని గట్టి దారం, ఒక ఇనుప నట్టు, కొలత టేపు, సెకన్లు చూపే గడియారం ఉంటే చాలు. దారాన్ని గోడలో గట్టిగా దిగిన మేకుకు కట్టాలి; ఆధారం ఏమాత్రం కదిలినా ఫలితం చెడుతుంది. పొడవును ముడి నుంచి నట్టు మధ్యబిందువు వరకు కొలవాలి.

నట్టును పది డిగ్రీలకు మించకుండా పక్కకు జరిపి, నెట్టకుండా వదలాలి. పిల్లలు ఒకే డోలనాన్ని (అటూ ఇటూ ఊగి తిరిగి మొదటి చోటికి రావడాన్ని) కొలవడానికి తొందరపడతారు గాని, గడియారాన్ని నొక్కడంలో జరిగే ఆలస్యమే అక్కడ పెద్ద దోషమవుతుంది కనుక, 20 డోలనాల కాలాన్ని కొలిచి 20తో భాగించాలి. అప్పుడు ఆ దోషం కూడా 20వ వంతుకు తగ్గుతుంది. వదిలిన క్షణంలో ‘సున్న’ అనాలి. ‘ఒకటి’ అని మొదలుపెడితే ఒక డోలనం తగ్గిపోతుంది. తరగతిలో తరచూ జరిగే పొరపాటు ఇదే.

100 సెం.మీ. పొడవుకు ఆవర్తన కాలం (ఒక డోలనానికి పట్టే కాలం) సుమారు 2 సెకన్లు, 25 సెం.మీ.కు సుమారు 1 సెకను వస్తుంది. పొడవు నాలుగో వంతైతే కాలం సగమే ఎందుకయిందని అడిగి, జవాబు చెప్పకుండా ఓపికగా వేచి ఉండాలి. తరువాత 50, 75 సెం.మీ.లకూ కొలిపించి గ్రాఫులు గీయించాలి: పొడవుకూ కాలానికీ గీస్తే వంపు రేఖ, పొడవుకూ కాలవర్గానికీ గీస్తే మూలబిందువు గుండా పోయే సరళరేఖ వస్తాయి. వర్గమూలం అవసరాన్ని పిల్లలకు ఇంతకన్నా స్పష్టంగా చూపే పాఠం అరుదు.

చివరగా పొడవు మార్చకుండా, రెండు నట్లను పక్కపక్కన కట్టి కొలిపించాలి. కాలం మారదు; అయితే కొలతకు ముందే ప్రతి విద్యార్థి చేత తన ఊహను నోటుపుస్తకంలో రాయించడం తప్పనిసరి.