"ఆ ఏరియా మంచిది కాదట" అన్నారని ఇల్లు వదులుకునే ముందు ఎలా చెక్ చేసుకోవాలి?

రెండేళ్ళ కిందట మా ఆవిడకి విజయనగరం నుంచి శ్రీకాకుళం ట్రాన్స్‌ఫర్ అయింది. 70 కిలోమీటర్ల దూరం, అదే యాస, అదే కూర, అయినా ఇల్లు వెతుకుతున్నాం అని చెప్పగానే చుట్టాలందరూ క్రైమ్ రిపోర్టర్లు అయిపోయారు. పాత ఊళ్ళో ఒక పేటలో నాలుగు గదుల ఇల్లు, తులసికోట, పెరట్లో నుయ్యి, అద్దె కూడా తక్కువ, మాకు నచ్చేసింది. "అమ్మో ఆ పేటా, చీకటి పడితే ఆడోళ్ళు బయటికి రారట" అని మా పిన్ని. "బైపాస్ పక్కన లేఔట్లు చూడరా, అంతా ఉద్యోగస్తులే, డీసెంట్ ఏరియా" అని మా బావ. డీసెంట్ ఏరియాలోనే తీసుకున్నాం, నెలకి మూడు వేలు ఎక్కువ పోసి మరీ. నాలుగో నెలలో గేటు లోపల పెట్టిన బండి పోయింది. పొద్దున లేచి చూస్తే గేటు గొళ్ళెం మళ్ళీ నీట్‌గా వేసి ఉంది, ఎత్తుకెళ్ళినవాడు గేటు వేసి మరీ వెళ్ళాడు, పాపం కుక్కలు దూరతాయని కాబోలు.

పదకొండు నెలల అగ్రిమెంట్ అవ్వగానే ఆ పేటకే వచ్చేశాం, ఇప్పటికీ అక్కడే ఉన్నాం. ఆ పేట పేరు మాత్రం రాయను, రాస్తే ఆ పుకారుకి నేను కూడా ఒక చెయ్యి వేసినట్టవుతుంది. ముందే చేసి ఉండాల్సిన పనులు ఇప్పుడు వరసగా చెప్తాను, మీరు ఇల్లు మారే పనిలో ఉంటే పనికొస్తాయి.

ముందు: భయాన్ని కాగితం మీద పెట్టండి

"క్రైమ్ ఎక్కువ" అనేది ఒక్క భయం కాదు, పది భయాలు కట్టిన మూట. తాళం వేసిన ఇంట్లో దొంగతనం వేరు, బండి పోవడం వేరు, మెళ్ళో గొలుసు లాక్కుపోవడం వేరు, తాగి వీధిలో అరుచుకోవడం వేరు, ట్యూషన్ నుంచి వచ్చే పిల్ల వెనకాల బండి వేసుకుని తిరగడం వేరు. అన్నీ ఒకే ఏరియాలో ఒకే టైములో జరగవు, అందరికీ ఒకేలా తగలవు కూడా. కాగితం తీసుకుని ఇంట్లో ఎవరు ఏ టైముకి ఎక్కడుంటారో రాయండి. మాది ఇలా వచ్చింది: ఆవిడ సాయంత్రం ఆరున్నరకి బస్సు దిగి నడిచొస్తుంది, పాప ట్యూషన్ ఎనిమిదింటికి వదుల్తారు, నాన్నగారు పగలంతా ఒక్కరే ఉంటారు, నాకు సెకండ్ షిఫ్ట్ ఉన్న వారం పైడిభీమవరం నుంచి కంపెనీ బస్సు రాత్రి పదకొండున్నరకి హైవే మీద దింపేస్తుంది. ఇది రాశాక తెలిసింది మాకు కావాల్సింది డీసెంట్ ఏరియా కాదు, ఎనిమిది గంటలకి జనం మసిలే వీధి అని.

రెండు: ఎవరు చెప్పారు, వాళ్ళకి ఎవరు చెప్పారు

దీని మీద కొంచెం టైమ్ పెట్టండి, అసలు విషయం ఇక్కడే ఉంది. "అక్కడ దొంగతనాలు ఎక్కువ" అని ఎవరైనా అంటే వాదన పెట్టుకోవద్దు, మూడే ప్రశ్నలు అడగండి. మీరు చూశారా? ఎవరింట్లో? ఎప్పుడు? మా పేట గురించి నాకు ముగ్గురు వేర్వేరుగా చెప్పారు, ముగ్గురినీ ఇలాగే లాగితే ముగ్గురిదీ ఒకటే దొంగతనం అని తేలింది, అదీ ఆరేళ్ళ నాటిది, అందులోనూ బంగారం తీసింది ఆ ఇంటి చుట్టమేనట. ఒక దొంగతనం ముగ్గురి నోట్లో పడి మూడైంది, నేను కూడా ఊరుకుంటే నాలుగయ్యేది.

ఇదేం మన ఊరి జబ్బు కాదు. కానెమన్, ట్వర్‌స్కీ అని ఇద్దరు సైకాలజిస్టులు 1973లోనే రాశారు, మనిషి దేన్ని తేలిగ్గా గుర్తు తెచ్చుకోగలడో అదే ఎక్కువగా జరుగుతుందని లెక్కేసేసుకుంటాడని. కత్తిపోటు వార్త నెలైనా గుర్తుంటుంది, రోజూ ఏమీ జరగని వీధి ఎవరికి గుర్తుంటుంది చెప్పండి. పైగా ఇప్పుడు వాట్సాప్ ఒకటి తోడైంది. 2018 మే నెల గుర్తుందా, పిల్లల్ని ఎత్తుకుపోయే పార్థీ గ్యాంగ్ దిగిందని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మెసేజ్‌లు తిరిగి, ఊరికి కొత్తగా కనపడినవాళ్ళని, మతిస్థిమితం లేనివాళ్ళని పట్టుకుని కొట్టేశారు. పార్థీ అనేది ఒక తెగ పేరు, గ్యాంగ్ పేరు కాదు, అది కూడా ఎవరికీ పట్టలేదు.

అంతెందుకు, మన జిల్లా పేరే చూడండి. హైదరాబాద్‌లో శ్రీకాకుళం అంటే ఇప్పటికీ "నక్సలైట్లు ఉంటారు కదండీ" అనే పెద్దాయన ఒకరు తగులుతారు. 1967లో లేవిడి అనే ఊళ్ళో జరిగిన కాల్పుల దగ్గర రాజుకుని 1970 దాటేసరికి చాలావరకు అణిగిపోయిన ఉద్యమం అది, జరిగింది కొండల్లో, ఆ లేవిడి వైపంతా ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళిపోయింది, అయినా పేరు మాత్రం మనకే అంటుకుని ఉంది. ఒక జిల్లాకే యాభై ఏళ్ళైనా మచ్చ పోకపోతే ఒక పేటకి ఎలా పోతుంది.

మూడు: లెక్కలు చూడండి, కానీ జాగ్రత్తగా

నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో వాళ్ళు క్రైమ్ ఇన్ ఇండియా అని రిపోర్ట్ వేస్తారు, నెట్‌లో ఫ్రీగా దొరుకుతుంది, జిల్లాల వారీ టేబుల్స్ కూడా ఉంటాయి. అవి చూసి వెంటనే ఒక నిర్ణయానికి రాకండి. ఒకటి, అందులో ఉండేది జరిగిన నేరాలు కాదు, రిజిస్టర్ అయిన కేసులు. కేరళలో నంబర్ ఎప్పుడూ పెద్దగా కనపడుతుంది, అక్కడ జనం స్టేషన్‌కి వెళ్తారు, కేసు కడతారు అనేది దానికి ఒక ముఖ్య కారణం అంటారు. రెండు, ఒకే ఎఫ్ఐఆర్‌లో నాలుగు నేరాలుంటే అన్నిటికన్నా పెద్దది ఒక్కటే లెక్కలోకి వస్తుంది. మూడోది మనకి ప్రత్యేకం: 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడు పాలకొండ శ్రీకాకుళం నుంచి, సాలూరు, కురుపాం, పార్వతీపురం విజయనగరం నుంచి మన్యం జిల్లాలోకి పోయాయి, రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరానికి వచ్చింది. అంచేత 2021 నంబర్ పక్కన 2023 నంబర్ పెట్టి "చూశారా తగ్గిపోయింది" అనేవాళ్ళని నమ్మకండి, అసలు జిల్లాయే వేరు.

వీధి లెవెల్లో తెలియాలంటే ఎఫ్ఐఆర్‌లు చూడొచ్చు. ఎఫ్ఐఆర్‌ని 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది, లైంగిక నేరాలు, పోక్సో, టెర్రరిజం లాంటి సెన్సిటివ్ కేసులు తప్ప. ఏపీ పోలీస్ సైట్‌లో మీ ఏరియా ఏ స్టేషన్ కిందకి వస్తుందో చూసుకుని రెండు మూడు నెలలవి తిరగేయండి. ఎక్కువ భాగం కొట్లాటలు, రోడ్ యాక్సిడెంట్లు, పేకాట, సారా. భయపడి వెతికినవాడికి కొంచెం డిసప్పాయింట్‌మెంటే. అయితే ఆడవాళ్ళ మీద జరిగే వాటిలో చాలా భాగం ఆ జాబితాలో కనపడవు అనేది గుర్తుపెట్టుకోండి, దానికి కింద చెప్పబోయే పద్ధతే దిక్కు.

నాలుగు: మూడుసార్లు నడవండి

బ్రోకర్ ఎప్పుడూ పొద్దున పదింటికే చూపిస్తాడు. పొద్దున పదింటికి ఏ వీధైనా బంగారమే. మీరు రాత్రి ఎనిమిదిన్నరకి ఒకసారి, ఆదివారం మధ్యాహ్నం రెండింటికి ఒకసారి, వీలైతే కరెంటు పోయినప్పుడు ఒకసారి వెళ్ళండి. బండి మీద కాదు, బస్సు దిగే చోటు నుంచి ఇంటి దాకా నడిచి. ఇంట్లో ఆడవాళ్ళు నడవాల్సిన దారైతే వాళ్ళే నడిచి చూడాలి, మగవాడు నడిచి "బానే ఉంది" అంటే దానికి విలువ లేదు, నేను ఆ తప్పు చేశాను.

చెత్త, పాన్ మరకలు, వీధి కుక్కలు చూసి మనసు డేంజర్ అని అరుస్తుంది. చెత్త ఉందంటే మున్సిపాలిటీ బండి రాలేదని అర్థం, దొంగలు ఉన్నారని కాదు. మీరు చూడాల్సినవి వేరే. స్తంభానికి లైటు ఉందా కాదు, వెలుగుతోందా. ఖాళీ ప్లాట్లలో తుమ్మ ఎంత పెరిగింది. వైన్ షాపు నుంచి జనం ఇళ్ళకి వెళ్ళే దారి ఇదేనా. ఎనిమిదిన్నరకి ఎన్ని తలుపులు తీసి ఉన్నాయి. మా లేఔట్‌లో 40 అడుగుల రోడ్డు, అందమైన గేట్లు, ఎనిమిదింటికల్లా అన్నీ మూత, రోడ్డు మీద మనిషన్నవాడు లేడు, బండి లాక్ విరగ్గొడితే వినేవాడు లేడు. ఇప్పటి మా వీధి పన్నెండు అడుగులు ఉంటుందేమో, ఆటో వస్తే గోడకి అతుక్కోవాలి, కానీ మలుపులో అరుగు మీద ఒక మామ్మగారు సాయంత్రం నుంచి పది దాకా కూర్చుంటారు, చేతిలో చింతకాయలో చిక్కుడుకాయలో ఏదో ఒకటి, కొత్త మొహం కనపడితే "ఎవరింటికి బావూ?" అని ఒక ప్రశ్న. నేను ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు నన్నూ అడిగారు, ఓనర్ పేరు చెప్పాను, "ఏ ఊరోలు? ఏటి పని?" అని ఇంకో రెండు. అప్పుడు చిరాకేసింది. పదివేలు పెట్టి కెమెరా కొన్నా అది ప్రశ్నలు అడగదు.

ఐదు: ఎవర్ని అడగాలి, ఏమని అడగాలి

"ఇక్కడ సేఫేనా అండి?" అని అడక్కండి. ఓనర్ సేఫ్ అంటాడు, ఆ వీధివాళ్ళు తమ వీధిని చెడ్డదని చెప్పరు, పక్క వీధివాళ్ళు మంచిదని చెప్పరు. పని గురించి అడగండి. ఇస్త్రీ బండి అతన్ని "మీ బండి రాత్రి ఎక్కడ పెడతారు?" అని అడిగితే "ఇక్కడే వదిలీసి ఎల్లిపోతాను, ఎవుడు తీస్తాడు" అన్నాడు, అంతకన్నా రిపోర్ట్ ఏముంటుంది. కిరాణా కొట్టు ఆవిడని కొట్టు ఎన్నింటికి కడతారని, పాలవాడిని నాలుగున్నరకి వచ్చేటప్పుడు ఎవరైనా ఎదురవుతారా అని, ఆటోవాళ్ళని రాత్రి పదకొండింటికి ఇక్కడికి బేరం వస్తే వస్తారా అని. ఆటోవాడు ఎక్స్‌ట్రా అడిగితే పర్లేదు, రానంటే ఆలోచించండి. పాత అద్దెవాళ్ళ నంబర్ దొరికితే అది లాటరీ. వార్డు సచివాలయంలో మహిళా పోలీసు ఉంటే ఆవిడని కలవండి, గంజాయి కుర్రాళ్ళు ఎక్కడ చేరుతున్నారో, గొడవలు ఏ సందులో ఎక్కువో పేపర్‌లో రాని సంగతులు తెలుస్తాయి.

ఆరు: మీ భయంలో ఏమేం కలిసిందో చూసుకోండి

ఇది రాయడానికి ఇబ్బందే. "ఆ పేట మంచిది కాదు" అన్నప్పుడు సగంమంది చెప్పేది నేరం గురించి కాదు, అక్కడ ఎవరుంటారు అన్నదాని గురించి. కులమో, మతమో, కూలి పనికి ఒడిశా వైపు నుంచి వచ్చినవాళ్ళో. మా పిన్నిని "ఏం జరిగింది పిన్నీ అక్కడ?" అని నాలుగుసార్లు అడిగితే నాలుగోసారి "ఏం జరగడం ఏటి, అక్కడ మనోలు ఎవరూ ఉండరు కదా" అంది. మన ఊళ్ళనుంచి వలస వెళ్ళినవాళ్ళు హైదరాబాద్‌లో, చెన్నైలో, గుజరాత్ రేవుల్లో ఇళ్ళు వెతుక్కున్నప్పుడు వాళ్ళ గురించి కూడా ఎవరో ఒకరు ఇలాగే అంటారు, ఆ మాట మనకి మాత్రం నచ్చదు.

ఏడు: భయానికి కట్టే రేటు లెక్కేయండి

మూడు వేలు చొప్పున పదకొండు నెలలు, 33,000. బండి వేరే. అన్నిటికన్నా పెద్దది నేను లెక్కలోకి తీసుకోనిది: ఆ లేఔట్ నుంచి పాపని ట్యూషన్‌కి తీసుకెళ్ళాలంటే రోజూ రెండుసార్లు 16వ నంబరు జాతీయ రహదారి దాటాలి, చెన్నై నుంచి కోల్‌కతా పోయే లారీలన్నీ దాని మీదే. దొంగ వస్తాడేమో అని భయపడి, రోజూ చీకట్లో పిల్లని వెనకాల కూర్చోబెట్టుకుని లారీల మధ్య బండి నడిపాను, అది మాత్రం ఎవరికీ భయంగా అనిపించలేదు, చెప్పిన బావకి గానీ విన్న నాకు గానీ.

దిగాక

మిగతావి మామూలే. గేటు గొళ్ళెం నమ్ముకోకండి, బండికి వీల్ లాక్ వేయండి. పండక్కి, సిరిమానోత్సవానికి ఇల్లు తాళం వేసి వెళ్తుంటే స్టేషన్‌లో చెప్పి వెళ్ళండి, లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్ అని పోలీసులే ఇంట్లో కదలికని పట్టే కెమెరా పెట్టే పద్ధతి ఉంది, మీ స్టేషన్‌లో ఇప్పుడు ఇస్తున్నారేమో అడగండి. అర్జెంటైతే 112, ఆడవాళ్ళకి 181. ఫోన్‌లో డబ్బు పోతే 1930, దానికి ఏ ఏరియాలో ఉన్నా ఒకటే.

ఇంకోటి, సామాను దించిన రోజే మీ మలుపులో అరుగు మీద కూర్చునే మనిషెవరో కనుక్కుని రెండు మాటలు మాట్లాడండి. మా మామ్మగారికి మొదటి వారం ఒక గిన్నెడు పరమాన్నం పంపించాం. ఆవిడ నన్ను "ఎవరింటికి" అని అడగడం మానేశారు, ఇప్పుడు మా ఇంటికి పార్సిల్ తెచ్చే కుర్రాడిని ఆపి వాడి ఊరు, వాళ్ళ నాన్న పేరు కనుక్కుంటున్నారు.