మీ కథకు తగిన జాంబీని ఎంచుకోవడం ఎలా?

జాంబీ కథ రాయడానికి కూర్చున్నవాళ్లకు మొదటి నాలుగు పేజీలు సాఫీగానే సాగిపోతాయి. ఖాళీ వీధి, మూసిన తలుపు, అవతలి నుంచి బాదుతున్న చేతులు. ఐదో పేజీకి వచ్చేసరికి చిక్కులు మొదలవుతాయి. గడియ తీయడం వాటికి వచ్చా, రాదా? హీరో తమ్ముడికి కాటు పడింది, వాడికి ఇంకెంత టైముంది? నిన్న కాళ్లీడ్చుకుంటూ నడిచినవి ఇవాళ ఎందుకు పరిగెడుతున్నాయి? వీటికి జవాబులు ఖాయం చేసుకోకుండా ముందుకెళ్తే, కథకు ఏ పూట ఏది అవసరమైతే జాంబీ అది చేసేస్తుంది. ఆ సంగతి పాఠకుడు ఇట్టే కనిపెట్టేస్తాడు. ఇక వాడికి భయమెందుకు వేస్తుంది?

హారర్ కథల్లో జాంబీలన్నీ ఒకే జాతివి కావు. ఒక్కో రకం ఒక్కో భయంలోంచి పుట్టింది. అందుకని ఏ రకమైతే బాగుంటుందని వెతకడం కన్నా, మీరు చెప్పదలచుకున్న భయం ఏదో ముందు పట్టుకోండి. రకం దానంతటదే తేలుతుంది.

1. భయాన్ని ఒక్క వాక్యంలో రాసుకోండి

"చచ్చినా నన్ను వదలరు." "నావాళ్లే నన్ను తినడానికి వస్తారు." "నా కోపం నా చేతుల్లో ఉండదు." "నా ఒంట్లో దూరి ఇంకేదో నన్ను నడిపిస్తోంది." ఈ నాలుగూ నాలుగు వేర్వేరు జాంబీల దగ్గరికి తీసుకెళ్తాయి. వాక్యం కుదరకపోతే కథ చివరి ఘట్టాన్ని ఊహించుకోండి. మీ పాత్ర ఆయుధం పట్టుకుని ఎవరి ఎదుట నిలబడి ఉంది? ముక్కూ మొహం తెలియనివాడి ఎదుటా, తల్లి ఎదుటా?

2. పుట్టుక తేల్చుకోండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. మిగతా నియమాలు చాలావరకు దీన్నుంచే వస్తాయి.

వీటిలో పాతది హైతీ జాంబీ. కరీబియన్‌లోని ఆ దేశం 1804లో స్వాతంత్ర్యం సాధించేదాకా ఫ్రెంచివాళ్ల వలస. ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసల చేత చెరకు తోటల్లో ప్రాణం పోయేదాకా పని చేయించేవారు. అక్కడి నమ్మకం ప్రకారం బోకోర్ అనే మాంత్రికుడు చనిపోయినవాణ్ణి లేపి తన చాకిరీకి పెట్టుకుంటాడు. ఈ జాంబీ కరవదు, ఎవరికీ ఏదీ అంటించదు, మనిషి మాంసం ముట్టదు. చెప్పిన పని చేస్తుంది. జాంబీ ఎదురుపడుతుందేమోనని ఇక్కడ ఎవరూ వణికిపోరు, తామే జాంబీలైపోతామేమోనని వణుకుతారు. చావు కూడా బానిసత్వం నుంచి విడిపించకపోతే ఇక దిక్కేమిటి?

1932లో వచ్చిన ‘వైట్ జాంబీ’ సినిమాలో ఒక చక్కెర మిల్లు దృశ్యం ఉంది. జాంబీలు గానుగను తిప్పుతుంటాయి. తల మీద చెరకు బుట్టలు పెట్టుకుని మరికొన్ని వరసగా వస్తుంటాయి. వాటిలో ఒకటి తూలి యంత్రంలో పడిపోతుంది. ఎవరూ ఆగరు, ఎవరూ తల తిప్పి చూడరు, గానుగ కిర్రుమంటూ తిరుగుతూనే ఉంటుంది. ఈ రకాన్ని ఎంచుకునేవాళ్లు ఆ కొన్ని క్షణాలను పదిసార్లు చూడాలి. ఇవాళ దీన్ని వాడేవాళ్లు చాలా తక్కువ. పనిలో మనిషి అరిగిపోవడం గురించి రాయాలనుకునేవాళ్లకు ఇంతకు మించిన రూపం లేదని నా గట్టి నమ్మకం. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. ఈ జాంబీ నమ్మకం ముడిపడి ఉన్న వోడూ, హైతీలో ఇప్పటికీ జనం ఆచరిస్తున్న మతం. దాన్ని ఉత్త చేతబడి స్థాయికి దించేయకండి.

రెండోది లేచిన శవం. 1968లో జార్జ్ రొమెరో తీసిన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’తో ఇది స్థిరపడింది. మాంత్రికుడూ లేడు, యజమానీ లేడు, ఆకలి ఒక్కటే మిగిలింది. ఇంత చేసీ ఆ సినిమాలో జాంబీ అనే మాట ఎవరి నోటా వినబడదు. విడుదలకు ముందు సినిమా పేరు మార్చినప్పుడు ప్రింట్ల మీద కాపీరైట్ ప్రకటన ఎగిరిపోయింది. దాంతో అమెరికాలో ఆ సినిమా అందరి సొత్తు అయిపోయింది. శవాలు ఎందుకు లేచాయో అందులో గట్టిగా చెప్పరు. శుక్రగ్రహం వైపు వెళ్లిన అంతరిక్ష నౌక మోసుకొచ్చిన రేడియేషన్ కారణం కావచ్చని టీవీ వార్తల్లో ఒక ఊహ వినబడుతుంది, అంతటితో సరి. మీరు ఈ రకం ఎంచుకుంటే కారణం వివరించాల్సిన పని లేదు. వివరించకపోతేనే మంచిది. ఇంట్లో బందీలైన మనుషులు ఒకరినొకరు ఎలా పీక్కుతింటున్నారన్నదే అక్కడ అసలు కథ.

మూడోది వ్యాధి. 1996 నాటి వీడియో గేమ్ ‘రెసిడెంట్ ఈవిల్’ ప్రయోగశాలలో తయారైన వైరస్‌ను మధ్యలోకి తెచ్చింది. 2002లో ‘28 డేస్ లేటర్’ సినిమా ఇంకో అడుగు ముందుకేసింది. అందులో సోకినవాళ్లు చచ్చి లేచినవాళ్లు కారు. బతికే ఉన్నారు, ఆవేశంతో ఒళ్లు తెలియకుండా ఉన్నారు. బతికున్న ఒళ్లు కాబట్టి తిండి లేకపోతే ఆకలితో చస్తారు. ఈ ఒక్క తేడా కథనంతా మార్చేస్తుంది. లేచిన శవాల కథలో రోజులు గడిచేకొద్దీ సరుకులు తరిగి మనిషి ఓడిపోతుంటాడు. ఇక్కడ కొన్నాళ్లు దాక్కోగలిగితే గెలవొచ్చు. మరో సంగతి, రోగిని చంపితే అది హత్య. మందు దొరుకుతుందేమోనన్న ఆశ కూడా ఉంటుంది. ఆ బరువును మీ పాత్రల మీద పెట్టలేకపోతే ఈ రకం జోలికి వెళ్లకండి.

నాలుగోది శిలీంధ్రం, అంటే ఫంగస్. దీనికి ప్రకృతిలోనే నమూనా ఉంది. ఒఫియోకార్డిసెప్స్ అనే శిలీంధ్రం సోకిన చీమ తన దారి వదిలి, నేలకు కాస్త ఎత్తులో ఉన్న ఆకు అడుగుకు చేరుకుంటుంది. ఆకు ఈనెను దవడలతో కరిచి పట్టుకుని అక్కడే చచ్చిపోతుంది. తర్వాత దాని తల వెనకనుంచి ఒక కాడ మొలుస్తుంది. కాడ చివర పండిన బీజాలు కింద తిరిగే చీమల మీద రాలతాయి. 2017లో ప్రచురితమైన ఒక పరిశోధనలో తేలిందేమిటంటే, శిలీంధ్రం కణాలు చీమ కండరాలను అల్లుకుపోతాయి గానీ మెదడులోకి మాత్రం చొరబడవు. ఒళ్లు పరాధీనమైపోయింది, మెదడు ఎక్కడిదక్కడే ఉంది. హారర్ రాసేవాళ్లు ఈ వివరం దగ్గర కాసేపు ఆగాలి. ఈ శిలీంధ్రం మనుషులకు సోకదు. సోకితే ఎలా ఉంటుందని 2013లో ‘ద లాస్ట్ ఆఫ్ అస్’ గేమ్ ఊహించింది. ఈ రకానికున్న బలం దశలు. సోకిన కొత్తలో మనిషి పోలికలుంటాయి, ముదిరేకొద్దీ మొహమే ఉండదు. ఆ గేమ్‌లో బాగా ముదిరి కళ్లు పోయిన, క్లిక్కర్లు అనే జాంబీలు నోటితో టకటకా చప్పుడు చేసి, దాని ప్రతిధ్వనిని బట్టి దారి పోల్చుకుంటాయి. ఆ చప్పుడు వినగానే ఆడేవాళ్లు ఊపిరి బిగబట్టి కదలకుండా ఉండిపోతారు.

3. వేగాన్ని లెక్క వేసి చూడండి

నడిచే జాంబీ గొప్పదా, పరిగెత్తే జాంబీ గొప్పదా అని అభిమానులు తెగ వాదించుకుంటారు. రాసేవాళ్లకు కావలసింది వేరే. వేగాన్ని బట్టి సన్నివేశం నిడివి మారుతుంది. పరిగెత్తే జాంబీ ముందు మాట్లాడుకోవడానికి తీరిక ఉండదు, నిర్ణయాలన్నీ ఒక్క క్షణంలో జరిగిపోవాలి. నడిచే జాంబీ దగ్గర మనుషులు గొడవపడతారు, పథకాలు వేస్తారు, ఏమరుపాటుగా ఉంటారు. వాళ్లను చంపేది ఆ ఏమరుపాటే.

నిదానంగా నడిచేదాన్ని తేలిగ్గా తీసుకోకండి. మీ జాంబీ గంటకు 2 కిలోమీటర్లే నడుస్తుందనుకుందాం. నిద్రపోదు, కూర్చోదు. 24 గంటల్లో 48 కిలోమీటర్లు. మీ హీరో గంటకు 5 కిలోమీటర్ల చొప్పున రోజుకు 8 గంటలు నడిచినా 40 కిలోమీటర్లే వెళ్తాడు. పొద్దున చాలా వెనక కనిపించిన చుక్క, వాడు నిద్రపోయిన చోటికి తెల్లారేసరికి వచ్చేస్తుంది. ఇలాంటి లెక్క ఒకటి వేసుకుంటే వెంటాడే కథకు సగం కథనం దొరికినట్టే.

ఒకే కథకు రెండు వేగాలూ పనికిరావా అంటే, ‘వరల్డ్ వార్ జెడ్’ను చూడండి. 2006 నాటి నవలలో జాంబీలు నిదానం, 2013 సినిమాలో గోడ మీద చీమల్లా ఒకదాని మీదొకటి ఎక్కేస్తాయి. పేరొక్కటే గానీ అవి రెండు వేర్వేరు కథలైపోయాయి.

4. కళ్లు, చెవులు, బుర్ర ఎంత మిగిలాయో నిర్ణయించండి

కొరియన్ సినిమా ‘ట్రైన్ టు బుసాన్’లో రైలు పెట్టెల మధ్య అద్దాల తలుపుకు అవతల జాంబీలు ఎగబడుతుంటాయి. తలుపు లాగి తీయాలన్న తెలివి వాటికి లేదు. ఒకామె అద్దం మీద నీళ్లు చల్లి వార్తాపత్రిక కాగితాలు అతికిస్తుంది. మనుషులు కంటికి కనబడకపోయేసరికి అవి చల్లబడతాయి. తర్వాత రైలు సొరంగంలోకి వెళ్లినప్పుడు, చీకట్లో వాటికి చూపు ఆనదని బయటపడుతుంది. చూపుకు సంబంధించిన ఒక్క నియమంతో రెండు ఘట్టాలు నడిచాయి. మీరూ ఒక ఇంద్రియాన్ని తీసేయండి, ఒకదాన్ని పదును చేయండి. అన్నీ బాగా పనిచేసే జాంబీతో కథ నడపడం కష్టం.

బుర్ర విషయానికొస్తే, మాట్లాడే జాంబీలూ ఉన్నాయి. మెదడు తినడం అనే అలవాటు 1985 నాటి ‘ద రిటర్న్ ఆఫ్ ది లివింగ్ డెడ్’తో జనంలోకి వచ్చింది. బల్లకు కట్టేసిన సగం శవాన్ని మెదళ్లు ఎందుకు తింటారని అడిగితే, చచ్చిపోయి ఉండటం వల్ల కలిగే నొప్పి తగ్గడానికని చెబుతుంది. నవ్వించడానికి తీసిన సినిమాలో నాకు తెలిసినంతలో అత్యంత జాలిగొలిపే జవాబు అది. జాంబీ నోట మాట పెట్టదలచుకుంటే అంత బరువున్న మాటే పెట్టండి.

5. ఎలా అంటుకుంటుంది, ఎంతసేపట్లో?

కాటు, రక్తం, గాల్లో బీజాలు, లేదా ‘ద వాకింగ్ డెడ్’ టీవీ సిరీస్‌లోలాగా అందరిలోనూ ముందే ఉండటం. చివరిదానిలో ఎవరు ఏ కారణంతో చనిపోయినా లేస్తారు కాబట్టి ముసలివాళ్లు నిద్రలో పోయినా ఇంట్లోవాళ్లకు ప్రమాదమే. గడువు మీద ఇంకా శ్రద్ధ పెట్టండి. కొన్ని సెకన్లే అయితే వీడ్కోలుకు చోటు లేదు. ఒక రాత్రి అయితే కాటును చొక్కా చేతి కింద దాచిపెట్టి గుంపులో కూర్చున్న మనిషిని రాయొచ్చు. ఎంత గడువు పెట్టినా కథలో అందరికీ ఒకటే ఉండాలి. మీకు ఇష్టమైన పాత్రకు మాత్రం రెండు రోజులు ఎక్కువ ఇచ్చారో, పాఠకుడు పుస్తకం మూసేస్తాడు.

6. దేనితో ఆగుతుంది?

తల పగిలితే ఆగుతుందన్నది వాడుకలో స్థిరపడిన పద్ధతి. కావాలంటే మార్చుకోండి, కానీ ఆయుధానికి ఒక ఖర్చు పెట్టండి. తుపాకీ పేలితే చప్పుడుకు మరో యాభై వస్తాయి. కర్రతో కొట్టాలంటే కాటు పడేంత దగ్గరికి వెళ్లాలి.

7. ఒక పేజీలో రాసి, పరీక్షించండి

పుట్టుక, వేగం, ఇంద్రియాలు, అంటుకునే తీరు, గడువు, ఆగే తీరు. ఈ ఆరింటినీ ఒక కాగితం మీద రాసుకోండి. పక్కనే, కథ మొదట్లో పాత్రలకు వీటిలో ఎన్ని తెలుసో గుర్తు పెట్టండి. రెండుకు మించొద్దు. మిగతావి తప్పు చేసి, ఎవరినో ఒకరిని పోగొట్టుకుని తెలుసుకోవాలి. టీవీలోనో, శాస్త్రవేత్త నోటనో అన్నీ ఒకేసారి చెప్పించేస్తే తర్వాతి వంద పేజీలకు ఏమీ మిగలదు.

తర్వాత పాత్రకు, జాంబీకి మధ్య జరిగే మొదటి ఎదురుపాటును రాయండి. జాంబీ అన్న మాట వాడకుండా రాయండి. ఆ రెండు పేజీలు చదివిన స్నేహితుడు, అది దేన్ని గమనిస్తుంది, ఎంత వేగంగా వస్తుంది, దాన్నుంచి ఎలా తప్పించుకోవచ్చు అన్న మూడింటికీ సరైన జవాబులు చెప్పగలిగితే మీ జాంబీ సిద్ధమైనట్టే. చెప్పలేకపోతే కథ ముందుకు నడపకండి, రెండో అంశం దగ్గరికి తిరిగి వెళ్లండి.