ఇంట్లో తుపాకీ తయారీ హక్కా, నేరమా: వాదనకు సిద్ధమయ్యే తీరు

విజయవాడలోనో గుంటూరులోనో న్యాయశాస్త్రం చదువుతూ ఈ అంశంపై పోటీలో వాదించవలసి వచ్చినవారు మొదట తేల్చుకోవలసింది, తాము ఏ దేశపు రాజ్యాంగం గురించి మాట్లాడుతున్నారన్నది. అమెరికా తీర్పులను మన నాటు తుపాకీ కేసులకు అతికిస్తే ఆ వాదన మొదటి ప్రశ్నకే కూలిపోతుంది.

మన రాజ్యాంగంతోనే ప్రారంభించండి. 19(1)(బి) అధికరణ సమావేశమయ్యే హక్కును "శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా" అన్న షరతుతో ఇచ్చింది. అయితే అంతటితో ఆగిపోకుండా 1948 డిసెంబరు నాటి రాజ్యాంగ సభ చర్చల సంపుటాన్ని తప్పక తెరవండి, ఎందుకంటే ఈ వాదానికి అసలైన ప్రాణం అక్కడే ఉంది. ఆయుధాలు కలిగి ఉండడం పౌరుని హక్కు అన్న 1931 నాటి కాంగ్రెస్ కరాచీ తీర్మానాన్ని ఆధారంగా చూపుతూ, దానిని ప్రాథమిక హక్కుగా చేర్చాలని సభ సభ్యుడు హెచ్.వి. కామత్ సవరణ ప్రతిపాదించారు. అంబేడ్కర్ దానిని వ్యతిరేకించారు, సభ ఆమోదించలేదు. ఇక్కడ జాగ్రత్త అవసరం: కామత్ కోరింది హద్దులేని హక్కు కాదు, నియంత్రణలకు లోబడిన హక్కు. ఈ తేడా చెప్పకుండా ఆయనను ఉదాహరించడం ఆయనకు అన్యాయం చేయడమే.

తరువాత 1959 ఆయుధాల చట్టానికి రండి. తుపాకీ దగ్గర ఉంచుకోవడానికి 3వ సెక్షను, తయారు చేయడానికి 5వ సెక్షను లైసెన్సు తప్పనిసరి చేశాయి. 2019 సవరణతో, లైసెన్సు లేని తయారీకి కనీసం 7 ఏళ్ల నుంచి యావజ్జీవం దాకా శిక్ష పడుతుంది.

అమెరికా వైపు, ఆయుధాలు కలిగి ఉండే హక్కును చెప్పే 1791 నాటి రాజ్యాంగ రెండో సవరణ, ఇంట్లో ఆత్మరక్షణకు తుపాకీ ఉంచుకోవడం వ్యక్తిగత హక్కేనన్న అక్కడి సుప్రీంకోర్టు 2008 హెల్లర్ తీర్పు, ఆంక్షలను తుపాకీ నియంత్రణ చారిత్రక సంప్రదాయంతో సరిచూడాలన్న 2022 బ్రూయెన్ తీర్పు చదివితే పునాది ఏర్పడుతుంది. అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం, తుపాకీ కలిగి ఉండరాదన్న నిషేధం లేని వ్యక్తి సొంత వాడకానికి తయారు చేసుకోవడానికి సాధారణంగా లైసెన్సు అక్కరలేదు. కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రాలు మాత్రం సీరియల్ నంబరు ఉండాలంటాయి. హక్కుల పక్షం, సంపాదించుకునే దారి మూసేస్తే ఉంచుకునే హక్కుకు అర్థమేమిటని అడుగుతుంది. ఎదుటి పక్షం, వాణిజ్య విక్రయానికి షరతులు పెట్టవచ్చని హెల్లర్ తీర్పే అంగీకరించిందని గుర్తు చేస్తుంది. కానీ సొంతానికి చేసుకునేవాడు దేనినీ విక్రయించడం లేదు కదా! వాదం నిజంగా చిక్కుపడేది ఈ ముడి దగ్గరే గనుక, మీ సమయంలో ఎక్కువ భాగం దీనికే కేటాయించండి.

2025 వాండర్‌స్టాక్ తీర్పును రెండో సవరణ తీర్పుగా చూపకండి. తుపాకీ విడిభాగాల కిట్లపై ప్రభుత్వ నియమాన్ని అమెరికా సుప్రీంకోర్టు 7–2 మెజారిటీతో నిలబెట్టినా, అక్కడ తేల్చింది 1968 తుపాకీ నియంత్రణ చట్టంలోని నిర్వచనాలను మాత్రమే. ఇంటి తయారీకి రాజ్యాంగ రక్షణ ఉందా అన్నది ఆ తీర్పు ముట్టుకోలేదు. ప్రత్యర్థి ఆ తీర్పును ఎత్తగానే మీరు ఇవ్వవలసిన జవాబు ఇదే.