ఆడవాళ్ళందరూ కలిసి కేంబ్రిడ్జ్ నుంచి ఈలీకి సైకిల్ మీద: ఒక రోజు రైడ్ ఎలా ప్లాన్ చేసుకోవాలి

ఇంగ్లండ్‌లో ఉంటున్న మన ఆడవాళ్ళలో చాలామంది హైస్కూల్ రోజుల్లో లేడీబర్డ్ సైకిల్ మీద బడికి వెళ్ళినవాళ్ళే. ఇంటర్ అయ్యాక ఆ సైకిల్ ఏ చెల్లెలికో పోయింది, ఆ తర్వాత పెళ్ళి, ఉద్యోగం, వీసా, పిల్లలు, ఇన్నేళ్ళలో మళ్ళీ సీటెక్కింది లేదు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. ఒకసారి నేర్చుకున్న సైకిల్ మర్చిపోయేది కాదు, కావలసిందల్లా చదునైన దారి, వెనకబడితే ఆగే మనుషులు. ఈ రెండోదే అసలు విషయం. రూటు ఎంత అందంగా ఉన్నా సరే, అందరికంటే చివర తొక్కే మనిషిని దృష్టిలో పెట్టుకుని ప్లాన్ చేయకపోతే ఆమె ఇంకోసారి రాదు.

మొదటి రైడ్‌కి నేను చెప్పేది కేంబ్రిడ్జ్ నుంచి వికెన్ ఫెన్ అనే నేచర్ రిజర్వ్ మీదుగా ఈలీ పట్నం. మొత్తం సుమారు పాతిక మైళ్ళు, అంటే 40 కిలోమీటర్లు. ఈ ప్రాంతాన్ని ఫెన్స్ అంటారు, ఒకప్పుడు చిత్తడి నేల, 17వ శతాబ్దంలో నీళ్ళు తోడి పొలాలు చేశారు. అందుకే ఇక్కడ గుట్టలూ మిట్టలూ లేవు. కానీ చెట్టూ చేమా కూడా తక్కువే, గాలి వచ్చిందంటే ఆపేది ఏదీ ఉండదు. ఇంగ్లండ్‌లో ఎక్కువ రోజులు నైరుతి నుంచే గాలి వీస్తుంది, ఈలీ కేంబ్రిడ్జ్‌కి ఈశాన్యంగా ఉంది, కాబట్టి కేంబ్రిడ్జ్ నుంచి బయల్దేరితే గాలి వీపున తోస్తుంది, అటునుంచి ఇటు వస్తే మొహాన కొడుతుంది. ముందురోజు రాత్రి వాతావరణం చూసేటప్పుడు వానతో పాటు గాలి ఎటునుంచో కూడా చూడండి. ఈశాన్యం గాలి అని ఉంటే అందరూ ముందు రైల్లో ఈలీ వెళ్ళి, అక్కణ్ణుంచి వెనక్కి తొక్కుతూ రండి. కొత్తవాళ్ళకి ఎదురుగాలిలో పాతిక మైళ్ళు చాలా కష్టం, మొదటిరోజే ఆ కష్టం పెట్టకండి.

మే నుంచి సెప్టెంబర్ దాకా మంచి కాలం. వరసగా నాలుగు రోజులు వాన పడితే మట్టిదారుల్లో చక్రాలు దిగబడతాయి, అప్పుడు వారం వాయిదా వేసుకోండి.

ఎనిమిది పది మంది అయితే బాగుంటుంది. పన్నెండు దాటితే రెండు గుంపులు చేసి పావుగంట తేడాతో పంపండి. వాట్సాప్‌లో పిలిచేటప్పుడు "అందరూ రావచ్చు" అని ఊరికే అనకుండా దూరం ఎంత, ఎంత వేగంగా వెళ్తాం (గంటకి ఎనిమిది తొమ్మిది మైళ్ళు చాలు), ఎక్కడెక్కడ ఆగుతాం, టాయిలెట్లు ఎక్కడున్నాయి, ఎన్నింటికి ఇంటికి చేరతాం, ఇవన్నీ రాయండి. చిన్నపిల్లలున్న అమ్మ రావాలా వద్దా అని తేల్చుకునేది ఆ చివరి రెండు వివరాలు చూసే. రోడ్డు మీద తొక్కడానికి భయపడేవాళ్ళుంటే వాళ్ళ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పెద్దవాళ్ళకి సైకిల్ ట్రైనింగ్ ఉందేమో చూడమనండి, చాలా చోట్ల ఉచితంగానో తక్కువ ఫీజుకో నేర్పుతారు. ఇక్కడి జాతీయ సైక్లింగ్ సంస్థ బ్రిటిష్ సైక్లింగ్ 2011లో మొదలుపెట్టిన బ్రీజ్ రైడ్స్ కూడా ఉన్నాయి. అవి ఆడవాళ్ళకే, డబ్బు కట్టక్కర్లేదు, ట్రైనింగ్ తీసుకున్న మహిళలే దగ్గరుండి తీసుకెళ్తారు. అలాంటి చిన్న రైడ్ ఒకటి చేసి వస్తే ధైర్యం వస్తుంది.

సైకిల్ ఖరీదైనదే కావాలని లేదు. గేర్లున్న మామూలు హైబ్రిడ్ చాలు, కేంబ్రిడ్జ్‌లో అద్దెకి కూడా దొరుకుతాయి. సన్నటి రేసింగ్ టైర్లు మాత్రం వద్దు, ఈ దారిలో కాంక్రీటు పలకలు, గుంతలు, గులకరాళ్ళు అన్నీ ఉంటాయి. సీటు విషయంలో మన ఆడవాళ్ళు దాదాపు అందరూ ఒకటే పని చేస్తారు, రెండు కాళ్ళూ నేలకి ఆనాలని సీటు బాగా కిందికి దించేస్తారు. అలా అయితే పది మైళ్ళకే మోకాళ్ళు నొప్పి పుడతాయి. సీటు మీద కూర్చుని మడమ పెడల్ మీద పెట్టి కిందికి తొక్కితే కాలు నిటారుగా రావాలి, అదీ సరైన ఎత్తు. ఆగినప్పుడు సీటు మీంచి ముందుకి దిగి నిలబడటం ముందే ప్రాక్టీస్ చేయండి. ముందు భాగంలో నొప్పిగా ఉంటే సీటు ముక్కు కొంచెం, చాలా కొంచెం, కిందికి వంచి చూడండి. ఈ సంగతి సిగ్గుపడి ఎవరూ అడగరు, అడగక నొప్పి భరిస్తూ తొక్కుతారు, అందుకని బయల్దేరేముందు మీరే అందరికీ చెప్పండి.

బట్టల్లో చున్నీ ఇంట్లో వదిలేయండి, చైన్‌లో పడితే ప్రమాదం. వదులు ప్యాంటు అయితే కుడికాలి దగ్గర రబ్బరు బ్యాండ్ వేసుకోండి. లెగ్గింగ్స్ లోపల ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్స్ వేసుకుంటే సాయంత్రానికి తేడా మీకే తెలుస్తుంది, వాటి లోపల మరో లోదుస్తు వేసుకోకూడదు, కుట్లు ఒరుసుకుంటాయి. తొడలు ఒరుసుకునే చోట వాజలైన్ రాయండి. పీరియడ్స్ రోజు అయినా రావచ్చు, కాకపోతే మార్చుకోవడానికి ఎక్కడ ఆగుతామో ముందే తెలిసి ఉండాలి, గుంపులో ఒకరి దగ్గర అదనపు ప్యాడ్లు, పెయిన్ కిల్లర్ ఉండాలి. జూన్ నెల అయినా పల్చటి రెయిన్ జాకెట్ తప్పనిసరి. హెల్మెట్ ఇక్కడ చట్టప్రకారం తప్పనిసరి కాదు, అయినా మా గుంపులో లేకుండా ఎవరినీ రానివ్వం.

ఇక దారి. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ వాళ్ళ సెనేట్ హౌస్ భవనం ముందు కలవండి. 1897లో ఆడవాళ్ళకి డిగ్రీలు ఇవ్వాలా వద్దా అని యూనివర్సిటీ ఓటింగ్ పెట్టినప్పుడు, వద్దన్న మగ విద్యార్థులు సైకిల్ తొక్కుతున్న ఒక ఆడమనిషి దిష్టిబొమ్మని సరిగ్గా దీని ఎదురుగా వేలాడదీశారు. ఆ ఓటింగ్‌లో ఆడవాళ్ళు ఓడిపోయారు, కేంబ్రిడ్జ్‌లో వాళ్ళకి పూర్తి డిగ్రీలు 1948లో గానీ రాలేదు. గ్రూప్ ఫోటో అక్కడే తీసుకోండి, ఆ కథ తెలియనివాళ్ళకి చెప్పండి.

అక్కణ్ణుంచి నేషనల్ సైకిల్ నెట్‌వర్క్ 51 నంబర్ బోర్డులు పట్టుకుని వెళ్ళాలి, నీలం బోర్డు మీద ఎర్ర గడిలో అంకె ఉంటుంది. ఊరు దాటేదాకా ట్రాఫిక్ ఉంటుంది. క్వై అనే ఊరి దగ్గర ఏ14 అనే పెద్ద రోడ్డు జంక్షన్ వస్తుంది, భయంగా ఉన్నవాళ్ళు అక్కడ దిగి సైకిల్ నడిపించుకుంటూ దాటండి, అందులో తప్పేం లేదు. ఆరేడు మైళ్ళకి లోడ్ అనే ఊళ్ళో యాంగిల్సీ యాబీ అనే పాత బంగళా, అక్కడ కేఫ్, టాయిలెట్లు ఉన్నాయి. పాత నీటిమర కూడా ఉంది. మొదటి విశ్రాంతి ఇక్కడ.

తర్వాత 11 నంబర్, లోడ్స్ వే అంటారు. లోడ్ అంటే మనుషులు తవ్విన కాలువ, ఈ దారి వాటిని ఒక్కొక్కటిగా దాటుకుంటూ పోతుంది. కార్లు దాదాపు ఉండవు, రెండు పక్కలా నల్లమట్టి పొలాలు, పైన బోలెడంత ఆకాశం. కోనసీమలో కాలువ గట్టు మీద సైకిల్ తొక్కినవాళ్ళకి ఇది సొంత ఊరిలాగే ఉంటుంది. బర్వెల్ లోడ్ మీద వంతెనకి మాత్రం మెట్లున్నాయి, దిగి సైకిల్ ఎక్కించి దించాలి. ఎలక్ట్రిక్ సైకిళ్ళు బరువు, ఒక్కోదానికి ఇద్దరు పట్టండి, బ్యాగులు ముందే తీసేయండి. అది దాటితే వికెన్ ఫెన్. పాత కట్టడాలనీ ప్రకృతినీ కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ 1899లో ఇక్కడ మొదటి ముక్క నేల కొన్నది, వాళ్ళ నేచర్ రిజర్వ్‌లలో అన్నిటికంటే పాతది ఇదే. కోనిక్ గుర్రాలు, హైలాండ్ ఆవులు స్వేచ్ఛగా మేస్తుంటాయి. దగ్గరికి వెళ్ళకండి, తిండి పెట్టకండి, తెరిచిన గేటు మూసేయండి.

భోజనం ఇక్కడే. కేఫ్ ఉంది గానీ పులిహోర, చపాతీ రోల్స్ తెచ్చుకుంటే క్యూ ఉండదు. పెరుగన్నం వద్దంటాను, తిన్నాక నిద్ర వస్తుంది, ఇంకా పది మైళ్ళు ఉంది. దారిలో నోట్లో వేసుకోవడానికి పల్లీపట్టీ, ఖర్జూరాలు, సీసాలో ఉప్పూ చక్కెరా వేసిన నిమ్మరసం. ఆకలి వేయకముందే తినాలి, దాహం వేయకముందే తాగాలి.

గుంపుగా వెళ్ళేటప్పుడు దారి తెలిసిన ఒకరు ముందు, పంక్చర్ వేయడం వచ్చిన ఒకరు అందరికంటే వెనక, ఈ ఇద్దరి మధ్యలో మిగతా అందరూ. మలుపు వచ్చినప్పుడల్లా ముందున్న మనిషి వెనకే వస్తున్న రెండో మనిషి అక్కడ ఆగి, అందరికీ దారి చూపించి, చివరి మనిషి వచ్చాక కలిసి రావాలి. దీనితో ఎవరూ తప్పిపోరు. ఇంకొకటి, ఇది చాలా గుంపుల్లో జరుగుతుంది: ముందువాళ్ళు ఎక్కడో ఆగి పది నిమిషాలు కబుర్లు చెప్పుకుంటారు, చివరి ఆవిడ రొప్పుతూ వచ్చి చేరగానే "సరే పదండి" అని బయల్దేరుతారు. అందరికంటే అలిసిపోయిన మనిషికే విశ్రాంతి లేకుండా పోతుంది. చివరి మనిషి వచ్చాకే గడియారం మొదలుపెట్టండి. ఆవిడ నీళ్ళు తాగి, రెడీ అని తన నోటితో అన్నాకే కదలండి.

రోడ్డు మీద ఇద్దరిద్దరుగా పక్కపక్కన తొక్కడానికి హైవే కోడ్ ఒప్పుకుంటుంది, కానీ సన్నటి దారిలో వెనక కారు వస్తే ఒకరి వెనక ఒకరు అయిపోండి. వెనకవాళ్ళు "కారు వస్తోంది" అని, ముందువాళ్ళు "గుంత" అని గట్టిగా అరవాలి. గుర్రం మీద ఎవరైనా కనబడితే దూరం నుంచే హలో అని చెప్పి, బాగా నెమ్మదిగా, ఎడంగా దాటండి. ఫుట్‌పాత్ అని బోర్డు ఉంటే తొక్కకూడదు, బ్రైడిల్‌వే (గుర్రాలు కూడా వెళ్ళే దారి) అయితే తొక్కవచ్చు, నడిచేవాళ్ళకీ గుర్రాలకీ దారి ఇవ్వాలి.

వెనక ఉండే మనిషి బ్యాగులో రెండు ట్యూబులు, టైర్ లివర్లు, పంపు, అలెన్ కీలు, ప్లాస్టర్లు ఉండాలి. ట్యూబులు మీ సైకిళ్ళ సైజువే అయి ఉండాలి. పంక్చర్ దగ్గర అతికించుకుంటూ కూర్చోకుండా కొత్త ట్యూబు వేసేయండి, పాతది ఇంటికెళ్ళి అతికించుకోవచ్చు. ఈ పని ఒక్కరికే వచ్చి ఉండటం మంచిది కాదు, రైడ్‌కి ముందు ఒక శనివారం ఎవరి గ్యారేజీలోనైనా అందరూ ఒకసారి చేసి చూడండి.

వికెన్ దాటాక ఈలీ కెథీడ్రల్ మైళ్ళ దూరం నుంచే కనబడుతుంది, 1083లో కట్టడం మొదలుపెట్టారు, ఫెన్స్ ఓడ అని దానికి పేరు. ఇదిగో వచ్చేశాం అనిపిస్తుంది, రాదు. కొత్తవాళ్ళకి ఇంకా ఎన్ని మైళ్ళో నిజం చెప్పండి.

తిరుగు ప్రయాణం రైల్లో. ఈలీ నుంచి కేంబ్రిడ్జ్‌కి పావుగంట, ఇరవై నిమిషాలు. పది సైకిళ్ళు ఒకే రైల్లో పట్టవు, ఇద్దరు ముగ్గురు చొప్పున వేరే వేరే పెట్టెలు ఎక్కండి, లేదా తర్వాత రైలుకి ఆగండి, కొత్తగా వచ్చిన మనిషిని మాత్రం ఒంటరిగా వదలకండి. ఆదివారం రైడ్ అయితే ముందే ఇంజినీరింగ్ పనులున్నాయేమో చూసుకోండి, రైలు బదులు బస్సు వేస్తే అందులో సాధారణంగా మడత పెట్టని సైకిల్ ఎక్కించుకోరు. అలా ఉన్న ఆదివారం ఈలీ దాకా పోకుండా వికెన్ నుంచే వెనక్కి తిరగండి, పొద్దున్న ఒక గంట ముందు బయల్దేరండి, ఆ రోజు వెనక్కి వచ్చేటప్పుడు ఎదురుగాలి ఉంటుందని అందరికీ చెప్పే తీసుకెళ్ళండి.