ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లకు ముందే మౌస్ సంగతి చూసుకోండి

ఎప్‌సెట్ రాసిన పిల్లలు ఇంజినీరింగ్ సీటు కోసం తమకు కావాల్సిన కాలేజీల వరుసను ఆన్‌లైన్‌లో ఇవ్వడమే వెబ్ ఆప్షన్లు. అవి పెట్టే రోజులు సాధారణంగా వానాకాలంలోనే వస్తాయి. అప్పటికి నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఉరుములూ కరెంటు రాకపోకలూ మొదలై ఉంటాయి. కాలేజీల వరుస సగం పెట్టాక తెరమీద బాణం గుర్తు కదలకపోతే పిల్లలు హడలిపోతారు. కంగారులో సీపీయూ బటన్ నొక్కి ఆపేస్తే సేవ్ చేయనివన్నీ పోతాయి. దయచేసి ఆ పని చేయనివ్వకండి.

ముందు క్యాప్స్ లాక్ నొక్కమనండి. కీబోర్డు మీద దాని దీపం వెలిగి ఆరుతుంటే కంప్యూటర్ బాగానే ఉంది, తేడా మౌస్‌లోనే. ట్యాబ్ నొక్కుతూ సేవ్ బటన్ దాకా వెళ్లి ఎంటర్ కొడితే చాలు. విండోస్‌లో ఇంకో దారి కూడా ఉంది. ఎడమవైపు ఆల్ట్, ఎడమవైపు షిఫ్ట్, నమ్ లాక్ మూడూ కలిపి నొక్కితే ఒక ప్రశ్న వస్తుంది. అవునంటే కుడిపక్క అంకెలే మౌస్‌లా పనిచేస్తాయి: 8 పైకి, 2 కిందికి, 4 ఎడమకు, 6 కుడికి, 5 నొక్కితే క్లిక్. గడువుకు వారం ముందే పిల్లలతో ఇది సాధన చేయించండి. అవసరం ముంచుకొచ్చాక నేర్చుకోవడం కష్టం.

ఇక మౌస్‌ను తిప్పి చూడండి. కింద ఎర్ర దీపం వెలగకపోతే వైరు తీసి సీపీయూ వెనకవైపు పోర్టులో పెట్టండి. దీపం ఉన్నా బాణం గెంతుతుంటే ఆ చిన్న రంధ్రంలో చెల్క దుమ్మో వెంట్రుకో చేరి ఉంటుంది, పొడి దూదితో తుడవండి. గాజు బల్ల అయితే కింద కాగితం పరచండి. వైర్‌లెస్ మౌస్‌కు కొత్త బ్యాటరీ వేసి, దాని రిసీవర్‌ను (మౌస్‌తో వచ్చే చిన్న యూఎస్‌బీ ముక్క) సీపీయూ ముందువైపు పోర్టులో పెట్టండి. పాత గుండ్రటి పిన్ను మౌస్ అయితే కంప్యూటర్ ఆపాకే ఆకుపచ్చ రంధ్రంలో గుచ్చాలి.

వానలకు ఎలుకలు ఇళ్లలోకి చేరతాయి. వైరు నేలమీద వదలకండి. కొరికిన వైరుకు అతుకు వేయడం నాకు ఇష్టం లేదు. లోపలి తీగలు ఒకదానికొకటి తగిలితే పోర్టు కూడా పాడయ్యే ప్రమాదం ఉంది. మామూలు వైరు మౌస్ ఒకటి అదనంగా ఉంచుకోవడమే మేలు.

మబ్బు పట్టగానే, ఉరుములు దగ్గర పడకముందే, ఆప్షన్లు సేవ్ చేసి కంప్యూటర్ ఆపి ప్లగ్గు పీకేయండి. ఇంటర్నెట్ కేబుల్ కూడా తీయాలి, పిడుగు దెబ్బ దాని వెంట కూడా వస్తుంది. ఉరుములు మొదలయ్యాక మాత్రం వైర్లు ముట్టుకోవద్దు.