హార్డ్‌టెయిలా, ఫుల్ సస్పెన్షనా? షాపులో సీటు నొక్కి చూడండి

గండిపేట వైపు మట్టిదారుల్లో, ఖాజాగూడ రాళ్ల దగ్గర తొక్కడానికి మౌంటెన్ బైక్ కొంటున్నారా? మన హైదరాబాద్‌లో చాలామందికి హార్డ్‌టెయిల్ చాలు. ఇందులో సస్పెన్షన్, అంటే కుదుపులు తగ్గించే ఏర్పాటు, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్క్‌లో మాత్రమే ఉంటుంది కాబట్టి బరువు తక్కువ, ఎత్తు ఎక్కేటప్పుడు తొక్కిన బలం వెనక ఊగిసలాటలో పోదు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పున్న 23 కిలోమీటర్ల ట్రాక్ మీదే తొక్కేవాళ్లకైతే సస్పెన్షనే అక్కర్లేదు, అది వేరే సంగతి.

ఫుల్ సస్పెన్షన్ అంటే వెనక చక్రానికీ షాక్ ఉండే బైక్. జాగ్రత్తపడాల్సింది అందులో చవక రకం దగ్గరే. షాపులో సీటు మీద రెండు చేతులతో గట్టిగా నొక్కి, ఒక్కసారిగా వదలండి. టప్పున ఎగిరి రెండు మూడుసార్లు ఊగిందంటే అందులో ఉన్నది ఉత్త స్ప్రింగే, ఊగడాన్ని అణిచే డ్యాంపింగ్ లేదు. నిదానంగా లేచి ఆగాలి. వెనక చక్రాన్ని పట్టుకుని పక్కలకు కదపండి. టకటకమంటే పివట్లో (ఫ్రేమ్ వెనక భాగం కదిలే కీళ్లు), హబ్బో (చక్రం నడిమి భాగం) వదులుగా ఉన్నట్టే. అలాంటిది చూడ్డానికి ఎంత బాగున్నా వద్దు. ఆ డబ్బు మంచి ఫోర్క్, హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులున్న హార్డ్‌టెయిల్ మీద పెట్టండి.

అనంతగిరి కొండల్లో రాళ్ల మీదుగా తరచూ వేగంగా దిగేవాళ్లు ఫుల్ సస్పెన్షన్ తీసుకోవచ్చు. బేరింగులు, షాక్ సర్వీసింగ్ ఖర్చు అదనం. స్ప్రింగ్ బదులు గాలితో పనిచేసే ఎయిర్ షాక్ అయితే, మీరు కూర్చున్నప్పుడు అది తన పూర్తి కదలికలో 25–30 శాతం కుంగేలా గాలి పెట్టుకోండి. దానికి షాక్ పంప్ వేరే ఉంటుంది, పంక్చర్ షాపు కంప్రెసర్ మాత్రం తగిలించనివ్వకండి.